శాచురేషన్ 97 ఉంది కదా, మరి వెంటిలేటర్ ఎందుకు?

ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మాటల్లో మందుల పేర్లు తక్కువ, అంకెలు ఎక్కువ. "పొద్దున 91 ఉండె, ఇప్పుడు 94 అయింది" అని ఒకరు ఫోన్లో ఊరికి చెబుతుంటారు. "ఎన్ని లీటర్లు పెట్టిన్రు?" అని అవతలి నుంచి అడుగుతారు. కరోనా వచ్చిపోయాక హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో బీపీ మిషన్ పక్కన ఆక్సిమీటర్ కూడా చేరింది. వేలికి క్లిప్ పెట్టి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండిందో చెప్పే అంకె) చదవడం అందరికీ వచ్చేసింది. ఆ అంకె ఏం చెప్పదో మాత్రం ఎవరూ చెప్పలేదు. టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.

ఆ కుర్చీల్లో తరచూ వినపడే ప్రశ్నలు మూడు. "శాచురేషన్ 97 ఉంది కదా, గొంతులో గొట్టం ఎందుకు వేసిన్రు?" "పెద్దమ్మకు 89 దగ్గరే ఉంది, ఆక్సిజన్ ఎందుకు పెంచుతలేరు?" "15 లీటర్లు పెట్టినా 86 దాటుతలేదు, మిషన్ పాడైందా?" మొదటి కుటుంబానికి ఆక్సిజన్ బాగానే ఉంది, అయినా మిషన్ పెట్టారు. రెండో కుటుంబానికి తక్కువ ఉంది, అయినా పెంచడం లేదు. మూడో కుటుంబానికి పెంచుతూనే ఉన్నారు, ఫలితం లేదు. ముగ్గురూ ఒకే కారిడార్‌లో కలిసి మాట్లాడుకుంటే ఆసుపత్రి మీద అనుమానం రాకుండా ఉండటం కష్టం. మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఈ వ్యాసంలో ఆ ముగ్గురు రోగుల్నీ, మొదటి ఇంటి బాబాయి, రెండో ఇంటి పెద్దమ్మ, మూడో ఇంటి అల్లుడు అని ఊహించుకుని వెంట తీసుకెళ్దాం. మనుషులు ఊహ, లెక్కలు మాత్రం వైద్యులు రోజూ వేసేవే.

ఒక ఊపిరి, రెండు పనులు

ఊపిరి అనగానే మనకు ఆక్సిజన్ గుర్తొస్తుంది. అది సగం పనే. ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గాలి గదులున్నాయి. ఒక్కో గది చుట్టూ వెంట్రుక కంటే సన్నని రక్తనాళాల వల ఉంటుంది. గదిలోని ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కుతుంది, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ గదిలోకి దిగుతుంది. దిగిన దాన్ని బయటికి ఊదేసి, గదిలో గాలి మార్చకపోతే రెండో పని ఆగిపోతుంది.

ఈ గాలి మార్చడాన్నే వైద్యులు వెంటిలేషన్ అంటారు. రక్తానికి ఆక్సిజన్ ఎక్కించడం ఆక్సిజనేషన్. రెండూ ఒకే ఊపిరిలో జరుగుతాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. ఆక్సిజన్ మాస్కు సాయపడేది ప్రధానంగా ఆక్సిజనేషన్‌కు. వెంటిలేటర్‌కు పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చూడండి. దాని అసలు పని గాలి మార్చడం.

శ్వాస వైఫల్యం కూడా రెండు రకాలు. ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 60 కంటే తగ్గితే మొదటి రకం. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 45 దాటి పేరుకుంటే రెండో రకం. ఈ అంకెలు పాదరస మట్టంలో మిల్లీమీటర్లు, వాతావరణ పీడనాన్ని కొలిచే కొలతే. ఇకపై అంకె మాత్రమే రాస్తాను. ఆరోగ్యవంతుడిలో కార్బన్ డయాక్సైడ్ 35, 45 మధ్య ఉంటుంది.

బాబాయికి ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి

వికారాబాద్ వైపు ఒక పల్లె. బాబాయి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. రాత్రి కట్లపాము కరిచింది. కట్లపాము కాటులో నొప్పి పెద్దగా ఉండదు, వాపూ ఉండదు, చాలామందికి కరిచిందనే తెలియదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. ఆ విషం నరం నుంచి కండరానికి ఆజ్ఞ చేరే చోటును దెబ్బతీస్తుంది. ఊపిరి పీల్చేదీ కండరాలే. హైదరాబాద్ తెచ్చేసరికి ఊపిరి చిన్నచిన్నగా, గబగబా తీస్తున్నాడు. మాస్కు పెట్టారు. శాచురేషన్ 97. అయినా గంటలోపే గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలిపారు.

ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. మామూలు మనిషి ఒక ఊపిరికి సుమారు 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాడు. అందులో దాదాపు 150 ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది. గాలి గదుల దాకా చేరదు కాబట్టి అది వృథా. పనికొచ్చేది 350. నిమిషానికి 12 సార్లు పీలిస్తే మొత్తం 6000, గదులకు చేరేది 4200.

బాబాయి ఇప్పుడు ఊపిరికి 200 మాత్రమే పీల్చగలుగుతున్నాడు. నిమిషానికి 30 సార్లు పీలుస్తున్నాడు. మొత్తం చూస్తే అదే 6000. కానీ ప్రతి ఊపిరిలో 150 దారిలోనే పోతే గదులకు చేరేది 50. అంటే నిమిషానికి 1500. పైకి చూస్తే గట్టిగానే ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది, లోపల మాత్రం గాలి మూడో వంతే మారుతోంది. (ఊపిరి చిన్నదైతే వృథా కూడా కాస్త తగ్గుతుంది. కానీ ఆ తేడా మనిషిని గట్టెక్కించేంత కాదు.)

గాలి మారడం ఎంత తగ్గితే కార్బన్ డయాక్సైడ్ అంత పెరుగుతుంది. గదుల్లో గాలి సగం మారితే అది రెట్టింపు, మూడో వంతు మారితే మూడింతలు. బాబాయిది 40 దగ్గర మొదలై 80 దాటి 110 వైపు పోతోంది. ఆ దారిలోనే తలనొప్పి, మగత, చివరికి స్పృహ పోవడం వస్తాయి. రక్తం ఆమ్లంగా మారుతుంది.

మరి శాచురేషన్ 97 ఎలా ఉంది? ఇక్కడే మాస్కు మోసం చేస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ గాలి పీడనం సుమారు 715. ఊపిరితిత్తుల్లో నీటి ఆవిరి 47 తీసుకుంటుంది, మిగిలింది 668. అందులో ఆక్సిజన్ 21 శాతం, అంటే 140. దాన్నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను 0.8తో భాగించి తీసేస్తే గదిలో మిగిలే ఆక్సిజన్ వస్తుంది. మామూలు మనిషికి 40ని 0.8తో భాగిస్తే 50, కాబట్టి 140లోంచి 50 పోగా 90. హాయిగా సరిపోతుంది.

బాబాయి కార్బన్ డయాక్సైడ్ 80 అయినప్పుడు అదే లెక్కలో 100 తీసేయాలి. మామూలు గాలి పీలుస్తుంటే మిగిలేది 40. శాచురేషన్ 75కి పడిపోయి అందరూ పరిగెత్తుకొస్తారు. మాస్కుతో 40 శాతం ఆక్సిజన్ ఇస్తే 668లో 40 శాతం 267, అందులోంచి 100 పోయినా 167. శాచురేషన్ నిక్షేపంగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం అదే 80, పెరుగుతూనే ఉంది. క్లిప్‌కు ఇది కనపడదు. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలో కనపడుతుంది, లేదా రోగి ఊపిరిని పక్కన నిలబడి చూసేవాళ్లకు అర్థమవుతుంది.

కోపెన్‌హాగెన్ వైద్యులు పొరబడిన చోటు కూడా ఇదే

బాబాయి కుటుంబానికి అర్థం కాలేదంటే తప్పులేదు. 1952లో ప్రపంచంలోని మంచి ఆసుపత్రుల్లో ఒకటి సరిగ్గా ఇక్కడే తడబడింది. ఆ వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్డామ్ ఆసుపత్రికి ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలు వరసగా వస్తున్నారు. అక్కడ ఉన్న ఐరన్ లంగ్ (మనిషిని లోపల పడుకోబెట్టి ఊపిరి ఆడించే పెద్ద పెట్టె) ఒకటే, దాంతో పాటు ఛాతీకి తొడిగే పరికరాలు కొన్ని. మొదటి మూడు వారాల్లో వాటి మీద పెట్టిన 31 మందిలో 27 మంది పోయారు.

ఆ పిల్లల రక్తపరీక్షల్లో బైకార్బనేట్ అనే క్షార పదార్థం ఎక్కువగా కనపడింది. అదేదో అంతుపట్టని క్షార దోషం అనుకున్నారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం ఇది పేరుకున్న కార్బన్ డయాక్సైడ్, గాలి మారకపోవడమే కారణం అన్నాడు. ఆగస్టు 27న 12 ఏళ్ల పాప గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు బ్యాగును చేత్తో నొక్కుతూ ఊపిరి ఇచ్చాడు. కార్బన్ డయాక్సైడ్ దిగింది, పాప తేరుకుంది. అన్ని మిషన్లు లేవు కాబట్టి సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల వారీగా నెలల తరబడి బ్యాగులు నొక్కారు. మరణాల శాతం సగానికి పైగా పడిపోయింది. నేటి ఐసీయూ చరిత్రను చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు.

వేలికి పెట్టిన క్లిప్ ఏం చూస్తుంది

రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. దాన్ని నాలుగు సీట్ల బస్సు అనుకోండి. ఊపిరితిత్తుల దగ్గర నాలుగు సీట్లూ నిండుతాయి. ఒళ్లంతా తిరిగి వచ్చేసరికి, మనిషి విశ్రాంతిగా ఉంటే, సగటున ఒక్కరే దిగి ఉంటారు. తిరిగొచ్చే రక్తంలో శాచురేషన్ సుమారు 75 ఉండేది అందుకే. క్లిప్ చెప్పేది సీట్లలో ఎన్ని శాతం నిండాయో, అంతే. డిపోలో బస్సులెన్ని ఉన్నాయో అది చెప్పదు.

హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి శాచురేషన్ 98 చూపిస్తే ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. ఆ లెక్కన అతని 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉన్నది 9.2. హిమోగ్లోబిన్ 14 ఉండి శాచురేషన్ 88 ఉన్న మనిషి రక్తంలో 16.5. అంకె చిన్నదైన మనిషి దగ్గరే ఆక్సిజన్ ఎక్కువ ఉంది.

ఇంకో చిక్కు, ఈ బస్సులు నిండే తీరు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 100 నుంచి 60కి పడినా శాచురేషన్ 98 నుంచి 90 దాకానే దిగుతుంది. 60 దాటాక మాత్రం జారుడుబండే. 40కి 75, 27కి 50. ఊపిరితిత్తుల పరిస్థితి చాలా దూరం దిగజారినా క్లిప్ నెమ్మదిగానే కదిలి, 90 దగ్గరికొచ్చాక ఒక్కసారిగా పడిపోతుంది. "పొద్దుటిదాకా బాగానే ఉన్నాడు" అనే మాట వెనక తరచూ ఉండేది ఇదే.

క్లిప్ వెలుతురుతో కొలుస్తుంది కాబట్టి వేళ్లు చల్లబడినా, రక్తప్రసరణ తగ్గినా తడబడుతుంది. తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకుంటే ఎక్కే కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఆక్సిజనే అనుకుని మంచి అంకె చూపిస్తుంది. చర్మం రంగు సంగతి కూడా ఉంది. అమెరికాలో 2020లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం క్లిప్ 92, 96 మధ్య చూపిస్తున్నా అసలు శాచురేషన్ 88 లోపు ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతమైతే నల్లవారిలో 11.7 శాతం. మనలాంటి చామనచాయ వారికి ఆ లెక్క అచ్చంగా అలాగే వర్తిస్తుందని చెప్పలేం కానీ, ఒకటి రెండు అంకెల తేడాకు పండగ చేసుకోవడం, ఏడవడం రెండూ తొందరపాటే.

ఇక్కడ మన నగరానికి ఒక పాత సంబంధం ఉంది. 1880ల చివర్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతి ఎడ్వర్డ్ లారీ, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో రెండు క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. ఆపరేషన్ బల్ల మీద క్లోరోఫామ్ అనే మత్తుమందుతో పోయేవాళ్లు గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్నది ప్రశ్న. జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, నాడి పట్టుకుని కూర్చోకుండా ఊపిరిని చూడండి అని తేల్చారు. గుండె విషయంలో అది పూర్తిగా నిజం కాదని 1911లో లండన్‌లో రుజువైంది. కానీ ఊపిరిని చూడమన్న మాట నిలబడింది. ఇవాళ నర్సు గడియారం చూస్తూ రోగి ఛాతీ కదలికలు లెక్కపెడుతుంటే అది క్లిప్ చెప్పలేని దాన్ని పట్టుకోవడానికే. నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 30 అంటే, శాచురేషన్ ఎంతున్నా, లోపల ఏదో కష్టపడుతోంది.

పెద్దమ్మకు 89 ఎందుకు చాలు

పెద్దమ్మ చుట్ట బీడీ ఎరగదు. కానీ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. ఆ పొగ వల్ల కూడా సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. గాలి గొట్టాలు ఇరుకై, గదుల గోడలు చితికి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోదు. ఏళ్లుగా ఆమె శరీరం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌కు అలవాటు పడింది. చలికాలంలో దగ్గు, ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరింది. శాచురేషన్ 89 దగ్గర పెట్టి డాక్టర్లు ఊరుకున్నారు. అంతర్జాతీయ మార్గదర్శకాలు మామూలు రోగికి 94 నుంచి 98, ఆమెలాంటి వారికి 88 నుంచి 92 అంటాయి.

ఎక్కువ ఇస్తే ఏమవుతుంది? చాలాకాలం పాఠం ఇలా ఉండేది: వీరికి ఊపిరి తీయమని మెదడును తట్టి లేపేది ఆక్సిజన్ తక్కువ కావడమే, ఆక్సిజన్ పెంచితే ఆ తట్టు ఆగి ఊపిరి మందగిస్తుంది. ఇప్పటికీ చాలామంది ఇదే చెబుతారు. అబద్ధం కాదు, కానీ చిన్న భాగం. 1980లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి రోగులకు పూర్తి ఆక్సిజన్ ఇచ్చి చూస్తే ఊపిరి మొత్తం తగ్గింది 7 శాతమే. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి మాత్రం 23 మిల్లీమీటర్లు పెరిగింది. అంత చిన్న తగ్గుదలతో ఇంత పెరుగుదల రాదు.

మిగతాది రెండు చోట్ల నుంచి వస్తుంది. గాలి సరిగా ఆడని గదుల వైపు రక్తం పోకుండా శరీరం తనంతట తానే నాళాలను బిగిస్తుంది. బస్సు భాషలో, ప్రయాణికులు లేని స్టాపులకు దారి మూసి మంచి స్టాపుల వైపు మళ్లిస్తుంది. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఆ పాడైన గదుల్లోనూ కాస్త ఆక్సిజన్ చేరుతుంది. అక్కడంతా బాగుందనుకుని నాళాలు దారి తెరిచేస్తాయి. రక్తం అటు పోతుంది, అక్కడ గాలి మారదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ దింపకుండానే వెనక్కి వస్తుంది. రెండోది హాల్డేన్ కనిపెట్టిన గుణం. సీట్లలో ఆక్సిజన్ నిండేకొద్దీ హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను మోయలేక వదిలేస్తుంది. మామూలు మనిషి నాలుగు ఊపిర్లు ఎక్కువ తీసి దాన్ని ఊదేస్తాడు. పెద్దమ్మకు ఆ ఓపిక లేదు.

ఇది పుస్తకాల భయం మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లో 405 మందిపై చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, సీఓపీడీ నిర్ధారణ అయినవారిలో 88 నుంచి 92 మధ్య కొలిచి ఆక్సిజన్ ఇచ్చినప్పుడు, మాస్కుతో ధారాళంగా ఇచ్చిన వారితో పోలిస్తే మరణాలు 78 శాతం తగ్గాయి. ఈ మాటను తిరగేసి, సీఓపీడీకి ఆక్సిజనే విషం అనుకునేవాళ్లూ ఉన్నారు. 80లో వదిలేయడమూ చంపుతుంది. 88 అనేది కింది గీత, 92 పై గీత.

కార్బన్ డయాక్సైడ్ అప్పటికే పెరిగిపోతే పెద్దమ్మకు కావలసింది ఆక్సిజన్ కాదు, గాలి మార్చే సాయం. బిగుతైన మాస్కుతో ఊపిరిని లోపలికి నెట్టే బైపాప్ ఆ పని చేస్తుంది. 1995లో యూరప్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఇలాంటి రోగుల్లో మామూలు చికిత్సతో 74 శాతం మందికి గొట్టం వేయాల్సి వస్తే, మాస్కు మిషన్‌తో అది 26 శాతానికి తగ్గింది. మరణాలు 29 శాతం నుంచి 9కి తగ్గాయి.

ఎంత ఆక్సిజన్ పోసినా 86 దగ్గర ఆగిన అల్లుడు

కూకట్‌పల్లి అల్లుడికి రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమోనియా. గాలి గదుల్లో గాలికి బదులు చీము, నీరు. ఆ గదుల పక్క నుంచి వెళ్లే రక్తానికి ఎక్కడానికి ఆక్సిజనే లేదు. వచ్చిన 75తోనే వెళ్లిపోతుంది. దీన్ని షంట్ అంటారు.

రక్తంలో సగం బాగున్న గదుల మీదుగా వెళ్లి 98 అయిందనుకోండి, మిగతా సగం పాడైన గదుల మీదుగా 75తో వచ్చింది. రెండూ కలిస్తే 86.5. ఇప్పుడు ఆక్సిజన్ 100 శాతానికి పెంచండి. బాగున్న సగం 98 నుంచి 100కి చేరుతుంది. సీట్లు నాలుగే, అంతకు మించి ఎక్కే చోటు లేదు. పాడైన సగం 75లోనే ఉంటుంది, ఎందుకంటే ఆ గదుల్లోకి గాలే పోవడం లేదు. కలిపితే 87.5. మిషన్ పాడవలేదు. ఆక్సిజన్ పోసే చోటుకూ అవసరం ఉన్న చోటుకూ మధ్య దారి మూసుకుపోయింది.

లీటర్లు అడిగితే సగం జవాబే వస్తుంది

"ఎన్ని లీటర్లు?" అనే ప్రశ్నకు ఇంకో లోపం ఉంది. 5 లీటర్లు పెడితే రోగికి ఎంత శాతం అందుతుందన్నది రోగి ఎంత వేగంగా పీలుస్తున్నాడన్న దాన్ని బట్టి మారుతుంది. ప్రశాంతంగా ఉన్న మనిషి పీల్చే వేగం నిమిషానికి 30 లీటర్లు అనుకుందాం. అందులో 5 లీటర్లు ఆక్సిజన్, 25 లీటర్లు గది గాలి. కలిస్తే 34 శాతం. ఆయాసపడుతున్న మనిషి 60 లీటర్ల వేగంతో లాగితే 55 లీటర్లు గది గాలి కలుస్తుంది, అందేది 28 శాతమే. జబ్బు ముదిరిన మనిషికే అదే మీటర్ మీద తక్కువ దక్కుతుంది.

నిమిషానికి 60 లీటర్ల దాకా వెచ్చని, తడి గాలిని ముక్కులోకి పంపే హైఫ్లో ఈ చిక్కును తీరుస్తుంది. రోగి ఎంత లాగినా సరిపోయేంత వస్తుంది కాబట్టి గది గాలి కలవదు. కానీ ఎంత తాగుతుందో చూడండి. జంబో సిలిండర్‌లో ఉండేది సుమారు 7000 లీటర్లు. 60 లీటర్ల వేగంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ వాడితే రెండు గంటలు కూడా రాదు. ఇంట్లో పెట్టుకునే 5 లీటర్ల కాన్సెంట్రేటర్ పెద్దమ్మకు పనికొస్తుంది, అల్లుడికి ఏ మూలకూ సరిపోదు. 2021 ఏప్రిల్‌లో బేగంపేట విమానాశ్రయం నుంచి వాయుసేన విమానాల్లో ఖాళీ ట్యాంకర్లను భువనేశ్వర్‌కు పంపి ఒడిశా నుంచి ఆక్సిజన్ తెప్పించుకున్నారంటే, వార్డుల్లో ఈ గుణకారాలు ఎక్కడికి చేరాయో ఊహించుకోవచ్చు.

వెంటిలేటర్ చేసే మేలు, చేసే గాయం

అల్లుడికి కావలసింది మూసుకున్న గదులు తెరుచుకోవడం. కొత్త బెలూన్‌కు మొదటి ఊదు కష్టం, కాస్త ఉబ్బాక తేలిక. ఊపిరి వదిలిన తర్వాత కూడా గదుల్లో కొంత ఒత్తిడి నిలిపి ఉంచితే అవి మళ్లీ ముడుచుకోవు. ఈ నిలువ ఒత్తిడిని పీప్ అంటారు. అది షంట్‌ను తగ్గిస్తుంది, ఆక్సిజన్ శాతం పెంచడం వల్ల కాని పని దీనివల్ల అవుతుంది. బోర్లా పడుకోబెట్టడం కూడా ఇందుకే, గుండె బరువు కింద నలిగే వెనక భాగం తెరుచుకుంటుంది. తీవ్రమైన ఊపిరితిత్తుల గాయం ఉన్నవారిలో ఇది మరణాలను 33 శాతం నుంచి 16కి తగ్గించిందని 2013 నాటి పరిశోధన చూపింది.

అయితే మన ఊపిరి గాలిని లోపలికి లాక్కుంటుంది, మిషన్ లోపలికి నెడుతుంది. పాడవగా మిగిలిన కాస్త ఊపిరితిత్తిలోకి పెద్ద ఊపిరి నెడితే అదీ చిరిగిపోతుంది. 2000లో అమెరికాలో 861 మంది మీద రెండు పద్ధతులు పోల్చారు. శరీర బరువు కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చిన వారిలో 39.8 శాతం పోతే, 6 ఇచ్చిన వారిలో 31 శాతం. ఆ బరువును కూడా తూకం వేసి కాదు, ఎత్తును బట్టి లెక్కగడతారు. బిర్యానీతో పొట్ట పెరుగుతుంది కానీ ఊపిరితిత్తులు పెరగవు. 165 సెంటీమీటర్ల మగమనిషికి లెక్క బరువు 61.5 కిలోలు, అంటే ఊపిరికి సుమారు 370 మిల్లీలీటర్లు.

అంత చిన్న ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పెరగదా? పెరుగుతుంది. అల్లుడికి 55, 60 దాకా డాక్టర్లు తెలిసే వదిలేస్తారు. బాబాయిని కాపాడటానికి దేన్ని దించారో, అల్లుడిని కాపాడటానికి దాన్నే కొంత ఎక్కనిచ్చారు. ఊపిరితిత్తి చిరగడం కంటే అది చిన్న నష్టం.

గొట్టం ఎప్పుడు వేయాలన్న దానిమీద వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఆగితే చాలామంది హైఫ్లోతోనే గట్టెక్కుతారు, గొట్టంతో వచ్చే ఇన్ఫెక్షన్లు, మత్తు, కండరాల నీరసం తప్పుతాయని ఒక పక్షం. ఆయాసంతో బలంగా లాగే ఊపిరే ఊపిరితిత్తిని గాయపరుస్తుంది, అలసిపోయాక హడావుడిగా గొట్టం వేయడం ఇంకా ప్రమాదమని రెండో పక్షం. శాచురేషన్ ఎంత ఉంచాలన్నదీ అలాంటిదే. 2021లో దాదాపు 2900 మంది మీద, 2025లో బ్రిటన్‌లో 16,500 మంది మీద తక్కువ లక్ష్యం, ఎక్కువ ఆక్సిజన్ పోల్చి చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 98 కోసం పోరాడటం అనవసరమని దీన్ని చదివేవాళ్లున్నారు, 90కి భయపడనక్కర్లేదని చదివేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకటే అనిపించినా వార్డులో తేడా తెలుస్తుంది.

ఇక కారిడార్‌లో నడిచే వాదన వేరు. "వెంటిలేటర్ ఎక్కితే దిగరు" అని ఒకరు, "బిల్లు కోసమే పెడతరు" అని ఇంకొకరు. బిల్లు భయం నిజమైనదే, దాన్ని శరీరశాస్త్రం తీర్చలేదు. మొదటి మాటలో మాత్రం ఒక మెలిక ఉంది. వెంటిలేటర్ దాకా వెళ్లేది జబ్బు బాగా ముదిరినవాళ్లే కాబట్టి అక్కడ మరణాలు ఎక్కువ కనపడతాయి. దిగుతారా లేదా అన్నది మిషన్ కంటే దాని కిందున్న జబ్బును బట్టి ఉంటుంది. అల్లుడిది ఊపిరితిత్తుల జబ్బు, అది మానాలి. బాబాయికి ఊపిరితిత్తులు ఎప్పుడూ చెడలేదు.

గొట్టం తీసే రోజు

పాము విషానికి విరుగుడు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది. అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలు మాత్రం వాటంతట అవే కోలుకోవాలి, దానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ బాబాయి తరఫున ఊపిరి తీసింది మిషన్.

తీయొచ్చా లేదా అని చూడటానికి 1991 నుంచి వాడుకలో ఉన్న ఒక చిన్న భాగహారం ఉంది. మిషన్ సాయం బాగా తగ్గించి, నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తున్నాడో లెక్కపెట్టి, ఒక్కో ఊపిరి ఎన్ని లీటర్లో దానితో భాగిస్తారు. 105 కంటే తక్కువ వస్తే ఆశ ఉంది. అదొక్కటే చూసి తీయరు, దగ్గగలడా, తల ఎత్తగలడా కూడా చూస్తారు. మొదటి రోజు బాబాయిది 30ని 0.2తో భాగిస్తే 150. ఆరో రోజు ఊపిరికి 380 మిల్లీలీటర్లు, నిమిషానికి 19. భాగిస్తే 50. గదులకు చేరే గాలి 1500 నుంచి 4370కి వచ్చింది. దిండు మీద నుంచి తల ఎత్తి, ఎత్తి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం గొట్టం తీశారు. ముక్కుకు సన్న గొట్టంతో 2 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 41. వేలి క్లిప్‌లో అంకె 97. మొదటి రోజు గొట్టం వేసే ముందు చూపించిందీ అదే 97.